బొటనవేలి గాడి

"ఆ చెయ్యి కాదు మే, ఈ చెయ్యి," అంటుంది మా అత్త, నేను సాంబారు గరిటె పట్టుకున్న ప్రతిసారీ. కసురుకోదు. చెప్పులు తిరగేసి తొడుక్కున్న పిల్లకు చెప్పినట్టు చెబుతుంది. నేను గరిటె కుడిచేతికి మార్చుకుంటాను, సాంబారు ప్లేటంచు దాటి ఒలుకుతుంది, దాన్ని తుడిచేదీ నేనే. పెళ్లయినప్పటి నుంచి తిరుపతిలో ఈ ఇంట్లో నేను వండేది ఎడమచేత్తో, వడ్డించేది కుడిచేత్తో. వంటగదిలో ఎవరూ చూడరు కాబట్టి పని చకచకా సాగిపోతుంది. హాల్లోకి వచ్చేసరికి మొద్దుదాన్నయిపోతాను. "మా గ్రేసీకి పనైతే వచ్చు, చెయ్యే వంకర," అని చర్చిలో ఆడవాళ్లకు చెప్పి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నవ్వడానికి ఏ చెయ్యీ అక్కర్లేదు కదా.

నా చేతిని తప్పుపట్టని వస్తువు నాకు ఒక్కటే ఉండేది, నా బేస్ గిటారు. బడిలో బెంచీ, కుట్టుమిషను దగ్గర కత్తెర, అన్నీ ఇతరుల కోసం చేసినవే. గిటార్లూ అంతే. మా పుట్టింటి ఊరు పుత్తూరులో చర్చి గిటారును నేను తిరగేసి పట్టుకుంటే పాటల బృందంలో అందరూ పకపకా నవ్వారు. మా నాయన ఏబెల్ నవ్వలేదు. తలుపులూ కిటికీలూ చేసే మనిషి, వీణలకు వాడే పనసచెక్క తెచ్చి నాకోసం ఎడమచేతి బేస్ గిటారు మొదలుపెట్టాడు. తీగలూ, వాటిని బిగించే మరలూ మద్రాసు నుంచి తెప్పించాడు. తీగలు సాగే మెడ చెక్కేముందు తడిమట్టి ముద్ద ఒకటి నా కుడిచేతిలో పెట్టాడు. "గట్టిగా పిసకద్దు బిడ్డా. గిటారు పట్టుకున్నట్టే పట్టుకో." నాకు మీటేది ఎడమచెయ్యి, తీగలు నొక్కేది కుడిచెయ్యి. ఆ ముద్దమీద నా కుడి బొటనవేలు ఎక్కడ దిగిందో చూసుకుని, మెడ వెనక పొడుగునా లోతులేని గాడి ఒకటి తీశాడు. ఎంతసేపు వాయించినా వేలు దాంట్లోనే నడిచేది. నాయన పోయాక, ఏడుపొచ్చినప్పుడల్లా గిటారు తీసి ఆ గాడిలో వేలు పెట్టుకునేదాన్ని. మీటకపోయినా మనసు కుదుటపడేది.

మా ఆయన విజయ్ కుమార్ మంచివాడు. తాగడు, చెయ్యెత్తడు, చర్చిలో నేను వాయిస్తానంటే వద్దనలేదు. ఇంకేం కావాలి నీకు అంటారు అందరూ. ఒక్కటే గునిసేవాడు. "ఫోటోలో అందరి గిటార్లూ అటు తిరిగుంటే నీదొక్కటే ఇటుండాది. సూసేవాళ్లు ఏమనుకుంటారు?" నేను వేళాకోళమనుకున్నాను.

మా పెళ్లిరోజుకు ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాడు. గిటారు తుడిపించుకొస్తానని ముందే దుకాణానికి తీసుకుపోయాడు. పొద్దుట్నించీ నేను బిరియానీ పనిలో మునిగి ఉన్నాను. ప్రార్థన అయ్యాక అందరి ముందూ రిబ్బను కట్టిన సంచీ నా చేతిలో పెట్టాడు.

"బాగు చేయించినా గ్రేసీ. తీగలన్నీ తిప్పించేసినా. ఇంక అందరి మాదిరి పట్టుకోవచ్చు. మెడ యెనక యాందో అరిగిపోయి పల్లంగా ఉండె, లప్పం పెట్టించి నున్నగా చేయించినా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత శ్రద్ధగల భర్తనిచ్చినందుకు పాస్టరుగారు దేవునికి స్తోత్రం చెప్పారు. నేను మెడ వెనక బొటనవేలు పెట్టాను. జారిపోయింది. పైకీ కిందికీ వెతికాను. పాలిష్ తగిలింది తప్ప మా నాయన తగల్లేదు. మా ఆయన ముఖం వెలిగిపోతోంది. చెడ్డవాడి మీదైతే కోపం తెచ్చుకోవడం సులువు. ఆ సంతోషం చూస్తే నాకు భయం వేసింది. ఈయన నన్ను ప్రేమగా, కొంచెం కొంచెంగా, పూర్తిగా పూడ్చేస్తాడనిపించింది.

"ఒక పాట వాయించు," అన్నాడు.

"రాదు," అన్నాను.

"వచ్చేస్తుందిలే," అంది మా అత్త. "వడ్డన నేర్చుకోలా? ఇదీ అంతే."

ఆ మాటతో నాకు ఇన్నాళ్లుగా అర్థం కానిది అర్థమైంది. నేను నేర్చుకున్న ప్రతిదాన్నీ వీళ్లు నా ఒప్పుకోలు కింద జమ వేసుకున్నారు. ఆ పూటకు మాత్రం అందరికీ వడ్డించాను, గిన్నెలు తోమాను.

మర్నాడు పొద్దున గిటారును దుప్పట్లో చుట్టుకుని గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన వచ్చాడు.

"యాడికి?"

"పుత్తూరుకు. నాయన ఉలి ఆడ ఉండాది. లప్పం గీకేయాల."

"పిచ్చా నీకు? మెడ చీలిపోతాది. నీ మంచికే కదా చేయించినా!"

"నా మంచికి కాదు, మీ నామోషీకి. చీలిపోతే చీలిపోనీండి."

"మళ్లా ఎప్పుడొస్తావు?"

"తెలీదు," అన్నాను. అబద్ధం కాదు, నాకు నిజంగానే తెలీదు.

పుత్తూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఉలి తగలగానే చెక్క ఎటు పగులుతుందో, గాడి దొరుకుతుందో లేదో అని ఆలోచిస్తూ, మూటను కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేతిని ఒళ్లో ముడుచుకుని కూర్చున్నాను. మా ఊరికి పోయే బస్సులో సగం మంది విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లే. పక్కనున్న అవ్వ నా ఒళ్లోకి జాలిగా చూసింది.

"కట్టు కట్టించుకునేదానికా పాపా? ఆ చేతికేమైంది?"

"ఏం కాలేదవ్వా," అన్నాను. "ఇదే నా మంచి చెయ్యి."