సగం దుప్పి

"భోజనాల వేళ టేబుల్ మీద ఈ మృగాలేంటి?" అన్నారు మా ఆయన, కంచం ఎక్కడ పెట్టాలో తోచక నిలబడి. నేను నవ్వేసి, ఆఫీసు నుంచి తెచ్చుకున్న జంతువుల బొమ్మల కాగితాలు చుట్టి బీరువా మీద పెట్టాను. పెళ్ళికి ముందు నేను బొమ్మలు గీసేదాన్ని. పెళ్ళయ్యాక గీయొద్దని ఎవరూ అనలేదు, అని ఉంటే పోట్లాడేదాన్నేమో. "గీసుకో, ఎవరొద్దన్నారు, పనయ్యాక" అన్నారాయన. పని ఎప్పుడవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అలాగే ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

నేను పనిచేసే చోట పుస్తకాలు వేస్తారు. ఇప్పుడు వేస్తున్నది అడవి జంతువుల పుస్తకం. ఎప్పటివో బొమ్మలు, రాగిరేకు మీద చెక్కి అచ్చుతీసి, చేత్తో రంగులద్దినవి. వాటి మీది మరకలు తీయడం నా ఉద్యోగం. చెమ్మ జాడలు, గోధుమరంగు చుక్కలు, ఎప్పుడో ఎవరో కప్పు పెట్టిన గుండ్రటి ముద్ర, అన్నీ స్క్రీన్ మీద ఒక్కొక్కటిగా తుడుస్తాను. ఎంత బాగా చేస్తే చేసినట్టు అంత కనపడదు. ఇంటిపనీ ఇంతే, కాకపోతే ఇక్కడ జీతమిస్తారు. ఎవరైనా వస్తే టీ పెట్టేదీ నేనే. "మీ చేతి టీయే వేరు" అంటారు ఎడిటర్ గారు. ఆ ఆఫీసులో నా చేతికి దక్కిన మెప్పు అదొక్కటే. ఆ మాటకి కూడా నవ్వేస్తుంటాను.

మరకలు తుడుస్తూ తుడుస్తూ ఒకటి గమనించాను. ఏ పేజీ తీసినా మగది ముందు నిండుగా నిలబడి ఉంటుంది. ఆడది దాని వెనక ఉంటుంది. తల, మెడ, అదృష్టం బాగుంటే ముందుకాళ్ళు. మిగతా ఒళ్ళంతా మగదాని చాటునే. ఇదేంటని అడిగితే ఎడిటర్ గారు, "చెక్కేవాడికి పని కలిసొస్తుంది కదండీ. ఒకదాన్ని చూస్తే రెండోది తెలిసిపోతుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నోరు జారాను.

"ఆడవాటిని పూర్తిగా గీసి ఎదురు పేజీలో వేస్తే?"

"ఎవరు గీస్తారు?"

"నేను."

ఆయన నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "సోమవారానికి దుప్పిని గీసి తీసుకురండి. నచ్చితే పుస్తకం మొత్తం మీరే గీద్దురుగాని, అట్ట మీద మీ పేరు వేద్దాం. లేదంటే ఎలాగూ మన మరకలున్నాయి."

శనివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి కూర్చున్నాను. పాత బొమ్మలోని ఆడ దుప్పి తలా మెడా ఉన్నదున్నట్టు దించుకుని, మగదాని పక్కన నిలబెట్టినట్టే మిగతా ఒళ్ళు గీశాను. అతకలేదు. చెరిపి మళ్ళీ గీశాను, మళ్ళీ అతకలేదు. కాగితం చిరిగేదాకా వచ్చింది. చేయి మరిచిపోయిందేమో, ఇన్నేళ్ళు ఊరికే కూర్చోబెట్టినందుకు కక్ష తీర్చుకుంటోందేమో అనిపించింది.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి వంగి చూశారు. "ఏమ్మా, దానికి మెడ పట్టేసిందా?"

కోపమొచ్చింది. వెక్కిరిస్తున్నారనుకున్నాను. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కాదే, ఒళ్ళు ఇటెందుకు పెట్టావు? ఇది వెళ్ళిపోతుంటే ఎవరో వెనక నుంచి పిలిచినట్టుంది. గుమ్మం దాటుతుంటే మీ మామగారు పిలిచేవారు, నేనూ అచ్చం ఇలాగే తిరిగేదాన్ని."

"ఎక్కడికి వెళ్తూ అత్తయ్యా?"

"ఎక్కడికీ లేదు. పిలిచాక ఇంకెక్కడికి వెళ్తాం" అని లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగారు.

నేను కాగితం తిప్పి చూశాను. ఆవిడ చెప్పింది నిజం. ఆ మెడ పక్కన నిలబడ్డదాని మెడ కాదు. ఒళ్ళు అటు తిరిగి ఉంటే తప్ప తల అలా రాదు. ఆడదంటే మగదాని పక్కనే, అది చూసే వైపే నిలబడి ఉంటుందని నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే అనుకున్నాను. సిగ్గేసింది, వెంటనే చెప్పలేనంత ఉత్సాహం కూడా వచ్చింది.

"రేపు పొద్దున్నే జూకి వెళ్తున్నాను. వంట చెయ్యను" అన్నాను మా ఆయనతో.

"దుప్పి వెనక కాళ్ళ కోసం మేం పస్తులుండాలా?"

"పొయ్యి ఎక్కడుందో నేను చూపిస్తాలేరా" అన్నారు అత్తయ్య. ఆయన తల్లి ముఖం చూసి, నా ముఖం చూసి, టీవీ పెట్టుకున్నారు.

జూలో కంచె పక్కన చాలాసేపు నిలబడ్డాను. దుప్పులన్నీ తలలు వంచి మేస్తున్నాయి. ఎట్టకేలకు ఒక ఆడది గుంపులోంచి విడివడి చెట్ల వైపు నడిచింది. ఎవరో ఈల వేశారు. అది మెడ తిప్పి చూసింది. చూస్తూనే నడిచింది, కాళ్ళు ఆగలేదు. నిలబడే గీసేశాను. గీత ఎక్కడా తడబడలేదు. కళ్ళు తడిశాయి, సంతోషంతోనే. తుడుచుకోవడానికి పెన్సిల్ పక్కన పెట్టాలనిపించక అలాగే ఉండిపోయాను.

సోమవారం ఎడిటర్ గారు బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. "ఇది మగదాన్ని చూస్తోందా?"

"చూస్తోందండీ. ఆగట్లేదు."

ఆయన బొమ్మని జాగ్రత్తగా బల్ల మీద పరిచి, "తర్వాత తోడేలు" అన్నారు. "జూలో తోడేళ్ళు లేవు. అడవి పక్కన గెస్ట్‌హౌస్ ఉంది, వారం రోజులు అక్కడే ఉండి గీయాలి. తొందరేం లేదు, ఇంట్లో అడిగి చెప్పండి."

అలాగేనండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేశాను.

"అడగక్కర్లేదండీ. చెప్పి వెళ్తాను."