ఉప్పును ఆపిన పూత

"చేతులు సబ్బుతో కడుక్కున్నావా? నీ ల్యాబు మందులు మా పప్పులో పడగలవు!"

నేను వంటింట్లో అడుగుపెట్టగానే మా అత్తగారు హైమావతి అనే మాట ఇది. పెళ్ళైన కొత్తలో నవ్వుకునేదాన్ని. తర్వాత నవ్వు రాలేదు గానీ, కడుక్కోవడం మానలేదు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మావారు మురళీమోహన్, "పటాన్‌చెరులో ఏదో ల్యాబు. సీసాలు కడుగుతుంది" అని ముందు తనే నవ్వేవారు. ఆ నవ్వుల మధ్య నేను కాఫీ కప్పులు అందించేదాన్ని.

ఆ ల్యాబులో మా పై అధికారి సృజన గారు. దగ్గర్లోని లక్డారం ఊరి ఆడపడుచు. బోరు నీళ్ళలో సీసం ఉందో లేదో బోరు దగ్గరే తేలిపోవాలని ఆమె పట్టుదల. అందుకోసం కంటికి ఆనని రేణువులు చేసేవారు. లోపల ఇనుము, పైన బంగారం పూత. ఇనుము ఉంది కాబట్టి అయస్కాంతంతో ఒకచోటికి లాగవచ్చు. బంగారం వల్ల నీళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. సీసం తగిలితే రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని నీలంగా మారిపోతాయి. మొదటిసారి ఆ రంగు మారడం చూసి నేను భోజనం సంగతే మర్చిపోయాను.

అయితే బోరు నీళ్ళు పోస్తే, సీసం లేకపోయినా, వాటిలోని ఉప్పుకే నీలమయ్యేవి.

"ఇగ వదిలెయ్ సృజనా, ఇంట్ల పిల్లలున్నరు, ఎందుకు పరేషాన్?" అన్నాడు ల్యాబు డైరెక్టరు.

ఆమె నా వైపు తిరిగి, "ఇంద్రజా, నువ్వైతే ఏం జేస్తవ్?" అంది.

ఈరోజు ఏం వండుతావని తప్ప నన్నెవరూ ఏమీ అడగరు. ఉప్పును ఆపి సీసాన్ని మాత్రం రానిచ్చే ఇంకో పూత వేద్దామన్నాను. "వెయ్యి మరి" అంది. వానాకాలమంతా రకరకాల పూతలు వేసి చూశాను. కొన్ని ముద్ద కట్టాయి, కొన్ని కరిగిపోయాయి. చివరికి సీసం లేని బోరు నీళ్ళు ఎర్రగానే నిలిచాయి, సీసం ఉన్నవే నీలమయ్యాయి.

ఆ పరీక్ష చూడటానికి ప్రభుత్వ అధికారులొచ్చారు. డైరెక్టరు కుర్ర ఉద్యోగి వెంకట సాయిని ముందుకు తోసి, "ఐడియా ఈయనది. లేడీస్ హెల్ప్ చేసిన్రు" అన్నాడు.

సృజన గారిది కాంట్రాక్టు ఉద్యోగం. అయినా లేచి నిలబడింది.

"సార్, ఉప్పునెట్ల ఆపినమో జెర సాయిని చెప్పమనుండ్రి."

వెంకట సాయి తల దించుకున్నాడు. "నాకు తెల్వది సార్. అది మేడమోళ్ళ పని."

"రేణువులు నేను చేసిన. పూత ఇంద్రజది. ఆమె లేకపోతే ఇది బోరు కాడ పనికి రాకపోతుండె" అని నన్ను ముందుకు పిలిచింది. వాళ్ళడిగినవాటికి నేనే జవాబులు చెప్పాను. పేటెంటు దరఖాస్తులో మా ఇద్దరి పేర్లే వెళ్ళాయి.

ఆదివారం ఫ్యాక్టరీల వెనకున్న ఒక ఊరికి వెళ్ళాం. మొగులమ్మ అనే పెద్దావిడ బోరు నీళ్ళు నీలమయ్యాయి.

"ఇవి తాగొద్దమ్మా. వేరే నీళ్ళొచ్చేదాకా మేం అధికారుల వెంటపడతాం" అన్నాను.

"ఇన్ని దినాలు ఎవలూ చెప్పలే బిడ్డా" అంటూ ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. "చుట్టాలొచ్చారు, వంటెవరు చేస్తారు?" అన్నారు మావారు.

"మీరు చెయ్యండి" అని చెప్పి, రెండో బోరు వైపు నడిచాను.