నడుము లోతు నీళ్ళు

“ఆ బురద బట్టలు మిషన్లో వెయ్యబాక మే. నా కొడుకు చొక్కాలకి చేపకంపు కొడతాది,” అన్నది రెబెక్కమ్మ, వంటింట్లోంచి బయటికి రాకుండానే. కోడలు అబిగయీలు పెరట్లో బకెట్ ముందు కూర్చుని ప్యాంటు మడతల్లో ఇరుక్కున్న ఇసుకని గోళ్ళతో దులుపుతోంది. అప్పటికే ఇడ్లీలు దించింది, భర్త కిషోర్ బాబుకి క్యారియర్ కట్టింది, అత్తగారి షుగరు మాత్రలు తీసి బల్ల మీద పెట్టింది. ఇవన్నీ అయ్యాక గూడూరులో బస్సు పట్టుకుని, ఉప్పునీటి సరస్సు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి, నడుము లోతు నీళ్ళలో దిగాలి. పైపులతో చేసిన చదరపు చట్రాన్ని అడుగున పరిచి, అందులో ఎంత మేర సముద్రపు గడ్డి ఉందో, ఆ గడ్డిని నమ్ముకుని ఏ పీతలు, ఏ రొయ్యపిల్లలు బతుకుతున్నాయో చూడాలి. ఆ సర్వే చెయ్యడమే ఆమె ఉద్యోగం. దాన్ని బట్టే రక్షిత ప్రాంతానికి హద్దులు గీస్తారు. వేట ఎక్కడ సాగనివ్వాలో, ఎక్కడ ఆపాలో తేలుస్తారు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా కిషోర్ బాబుకి ఎంతో ఇష్టంగా చెప్పింది. తడ దగ్గర ఒక కంపెనీలో సూపర్‌వైజరు అతను. అంతా విని, “గడ్డి చూసేదానికా ఇంత చదువు?” అన్నాడు. ఆ మాట అతనికే భలే నచ్చింది. చుట్టాలొచ్చినప్పుడల్లా, “మా ఆవిడ సముద్రంలో గడ్డి పీకతాది,” అంటాడు. అందరూ నవ్వుతారు. కాఫీ గ్లాసులు అందిస్తూ ఆమె కూడా నవ్వాలి. నవ్వకపోతే పొగరు.

నీళ్ళ దగ్గరా సుఖం లేదు. తడిసిన బట్టలు మార్చుకోడానికి చాటు లేదు. ఒకసారి ఆ సంగతి అడిగితే ప్రాజెక్టు పెద్ద రవి కుమార్ పడవలో అందరూ వింటుండగా, “ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇదే తలనొప్పి,” అన్నాడు. ఆ పడవ గంగులయ్యది. కుప్పంలో, అంటే ఆ ఒడ్డునున్న జాలర్ల పల్లెలో, ఇంజను పడవలన్నిటికీ అతనే పెద్ద. సర్వేకి పడవ ఇస్తాడు, మధ్యాహ్నం రవి కుమార్‌కి వంజరం చేప వేయించి పెట్టిస్తాడు. ఆ వేపుడు వడ్డించే పని కూడా ఎలాగో అబిగయీలు మీదే పడింది.

ఆమె చట్రం పరిచే చోటే కుప్పం ఆడవాళ్ళు నీళ్ళలో వంగి, తాటాకు బుట్టని పళ్ళతో కరిచి పట్టుకుని, బురదలో చేతులు పెట్టి రొయ్యలు ఏరుకుంటారు. పడవా వలా లేని ఇళ్ళ వాళ్ళు. వాళ్ళ గురించి ఆమె రిపోర్టులో ప్రత్యేకంగా ఒక భాగం రాసింది. రవి కుమార్ దాన్ని తీసేశాడు. “వీళ్ళని వేటగాళ్ళ లెక్కలో ఎట్టా వేస్తామమ్మా? ఊరికే ఏరుకునేవాళ్ళు.”

ఊరికే. ఆ మాట ఆమెకి కొత్త కాదు. రోజంతా ఊరికే తిరిగొచ్చి అలిసిపోయానంటావేం అని భర్త. ఇంట్లో ఊరికే ఉండే ఆదివారం కూడా మందిరంలో ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి రాదని అత్తగారు. చేసిన పని కళ్ళెదుట ఉన్నా, చేసింది ఆడదైతే చాలు, ఆ పని ఊరికే అయిపోతుంది.

హద్దుల మీద సభ తుఫాను షెల్టర్లో పెట్టారు. అటవీశాఖ అధికారి ఆనందకుమారి వచ్చింది. “మ్యాపు నువ్వు చెప్పు. ఆడదానివైతే వాళ్ళు అరవరు,” అని రవి కుమార్ మైకు అబిగయీలు చేతిలో పెట్టాడు. తన రాతలో ఒక భాగం పోయిందని తెలుసు కానీ, గోడకి తగిలించిన మ్యాపుని చూడడం ఆమెకి అదే మొదలు. దాని ప్రకారం గడ్డి పచ్చగా ఉన్న లోతు తక్కువ నీళ్ళలోకి ఎవరూ దిగకూడదు. ఇంజను పడవలు తిరిగే లోతు కాలువ వైపు మాత్రం వేటకి తెరిచే ఉంటుంది.

ఆమె నోరు తెరవకముందే పోలేరమ్మ లేచింది. రోజూ ఆమె పక్కనే రొయ్యలు ఏరే మనిషి. “నువ్వు దిగేది మా నీళ్ళల్లోనే గదా. నీ పక్కన వంగోని ఏరుకుంటా ఉంటే, మేం నీ కంటికి మనుషుల మాదిరి కనపళ్ళేదా?”

వెనకనుంచి ఎవరో కాండ్రించి ఉమ్మారు. “గడ్డి సంగతి చెప్పు, చాలు,” అని గొణిగాడు రవి కుమార్.

“కనపడ్డారు,” అన్నది అబిగయీలు. “రాశాను. తీసేశారు. మీరు చేత్తో ఏరే చోట గడ్డి బాగానే ఉంది. వేళ్ళతో సహా లేచిపోయింది కాలువ వైపు, ఇంజను పడవలు అడుగంటా వలలు ఈడ్చే చోట. ఈ మ్యాపు మూసింది మీ చోటుని. వదిలింది ఆ చోటుని.”

“మా పడవలో తిరిగి మా మీదే చెప్తా ఉండావా?” గంగులయ్య కుర్చీ తన్నేసి లేచాడు. పోలేరమ్మ మొహమూ మెత్తబడలేదు. “ఇన్నాళ్ళూ ఏం జేస్తివి మరి?” అన్నది. గొడవ సద్దుమణిగాక ఆనందకుమారి, కాలువ వైపు మళ్ళీ చూసేదాకా హద్దు ఖాయం చెయ్యనని చెప్పి వెళ్ళిపోయింది. రవి కుమార్ జీపు అబిగయీలుని ఎక్కించుకోకుండానే కదిలింది.

బస్సులు మారి సాయంత్రానికి ఇల్లు చేరేసరికి కిషోర్ బాబు ఫోనులో మాట్లాడుతున్నాడు. “అవునండీ... నేను చెప్తాను గదండీ... మా తరఫున సారీ అండీ.” ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగాడు. “మీ సారుకి నీ బదులు నేను సారీ చెప్పినాను. పొరపాటున అన్నానని ఒక మెయిల్ పెట్టు. రేపట్నుంచి ఆఫీసులోనే కూర్చోవచ్చంట, నీళ్ళల్లోకి పోబన్లేదు.”

“ఆ దేవుడే మంచి దారి చూపించినాడు,” అన్నది రెబెక్కమ్మ.

అబిగయీలు బ్యాగు కింద పెట్టింది. మాట అన్నది తను. కోపం వచ్చింది రవి కుమార్‌కి. మధ్యలో ఇంకో మగవాడు లెక్క సరిచేసేశాడు, తన గేదె పక్కింటి తోటలో పడితే యజమాని సర్దిచెప్పినట్టు. అవమానం ఎంత మామూలుగా జరిగిపోయిందంటే, కిషోర్ బాబు అప్పుడే టీవీ రిమోటు కోసం వెతుక్కుంటున్నాడు.

ఆమె తన ఫోను తీసి రవి కుమార్‌కి కలిపింది.

“సార్, ఇందాక మీకు సారీ చెప్పింది మా ఆయన. ఆయన ఆ నీళ్ళల్లో ఎన్నడూ దిగలేదు. దిగింది నేను. నేను చెప్పినదాంట్లో వెనక్కి తీసుకునేది ఏమీ లేదు.”

“మీ ఆయనకి ఫోనివ్వమ్మా,” అన్నాడు రవి కుమార్.

కిషోర్ బాబు లేచొచ్చి చెయ్యి చాపాడు.

“ఇవ్వను సార్,” అన్నది అబిగయీలు.