వాగు కాడ నల్లగ పడ్డ గింజలు

మహేశ్‌కు కడుపుమంట లేసింది ఎవని మీదనో తెలిస్తే మీరు నవ్వుతరు. వాడు మనిషే కాదు. మహేశే తన చేత్తోని పుట్టిచ్చిన బొమ్మ.

ఆర్మూర్ మార్కెట్ యార్డు ముంగట రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణంల కంప్యూటర్ పని మహేశ్‌ది. ఇంటికొచ్చినంక ల్యాప్‌టాప్ ముంగట కూసొని, ఫోన్ల ఆడే గేమ్ ఒకటి తయారు జేసిండు. నందిపేట్ పిల్ల ఒకతి పసుపు బస్తాలేసుకొని ఆర్మూర్ చేరాలె, గదీ కథ. తొవ్వల ఎవరిని నమ్మాలె, ఎవరి ఎంట పోవాలె, అంతా ఆడేటోళ్ళ ఇష్టం. గండం ఎదురైన కాడ మాత్రం ఒక దిక్కు అరగదీసిన చింతగింజలు నాలుగు ఎయ్యాలె. ఒక్కటన్న తెల్లగ పడితే గట్టెక్కుతరు. నాలుగూ నల్లగ పడితే ఆ పిల్లకు ఎంట ఉన్నోని పాణం పోతది, పోయినోడు ఆ ఫోన్ల మళ్ళ పుట్టడు. "కథ నా చేతుల లేదు, ఆడేటోళ్ళ చేతుల, గింజల చేతుల ఉన్నది" అని మహేశ్ దుకాణంల అందరికీ గొప్పలు చెప్పుకున్నడు.

కథల హీరో రుద్రవీరుడు. గుర్రం, కత్తి, అచ్చం మహేశ్ అసుంటి మీసం. వాని మాటలు రాయనీకె నెలలు పట్టింది. బండి తోలే ఎంకటిని మాత్రం ఊకెనే పెట్టిండు, నోటికొచ్చిన నాలుగు మాటలు రాసి పడేసిండు.

మొదలు ఆడింది మహేశ్ పెండ్లాం స్వర్ణలత. ఆమె రుద్రవీరున్ని పొలిమేర కాడనే ఇడిసిపెట్టి ఎంకటి బండెక్కింది. మళ్ళ మొదటికెల్లి ఆడినా ఎంకటే. ఫోన్ గోడకానిచ్చి వంట జేసుకుంటనే ఆడుతది. వాడు నోరు తెరిస్తే సాలు, పొయ్యి కాడ ఒక్కతే నవ్వుతది.

"గా గుర్రపాయన ఏమైండు?" అని మహేశ్ ఏమెరుగనట్టు అడిగిండు.

"ఆయనవన్నీ పెద్ద పెద్ద మాటలు, ఇంటుంటే నిద్రొస్తది. ఎంకటి మంచిగున్నడు" అన్నది స్వర్ణ.

మంచిగున్నడట. కూర మాడుతున్నా సోయి లేదు. మొగుని మాటకు ఆమె గట్ల నవ్వి ఎన్నొద్దులైందో మహేశ్‌కే తెల్వదు, గా బండోనికి మాత్రం ఇల్లంతా ఇనవడేటట్టు నవ్వు. ఆ నవ్వు ఇన్నప్పుడల్లా మహేశ్‌కు ఒళ్ళంతా కారం పూసినట్టయితుండె.

ఆదివారం పొద్దుగాల స్వర్ణ నల్లా కాడ బట్టలుతుకుతుంటే ల్యాప్‌టాప్ తెరిచిండు. ఎంకటి బండి వాగు దాటే కాడ గింజలు ఎప్పుడేసినా నాలుగూ నల్లగనే పడేటట్టు మార్చిండు. ఒక్క వరుస దిద్ది, స్వర్ణ ఫోన్లకు ఎక్కిస్తే అయిపోయింది.

బువ్వ తిన్నంక ఆమె ఆడింది. వాగు పొంగుతున్నది. గింజలేసింది. నాలుగూ నలుపే. బండి కొట్కపోయింది, ఎంకటి మునిగిండు.

స్వర్ణ ఫోన్ ఒడిల పెట్టుకొని మహేశ్ దిక్కు చూసింది.

"నిజంగ గింజలే గట్ల పడ్డయా? నువ్వేమన్న జేసినవా?"

"నేనేం జేస్త? నా చేతుల ఏమున్నది, అంతా నసీబు" అన్నడు మహేశ్.

ఆమె నమ్మింది. మహేశ్ పాణం సల్లవడ్డది. ఇగ రుద్రవీరుని దిక్కే పోతది అనుకున్నడు.

"నీకు యాదుంటదనుకోలే" అన్నది స్వర్ణ మెల్లగ.

"ఏంది?"

"ఎంకటి అనే మాట. 'జేబుల ఒక్క ప్లేటుకే ఉన్నయ్, నువ్వు తిను, నేను చూసుకుంట నిలబడ్త.' మన సంబంధం ఖాయమైనంక బస్టాండ్ కాడ మిర్చి బజ్జీల బండి ముంగట నువ్వు నాతోని అన్నవ్ గదా. గది ఇంకోపారి ఇందామనే రోజూ ఆ బండెక్కేది. అన్నీ మర్శిపోయినవనుకున్న. రాసి పెట్టినవ్."

నిజం చెప్పాలంటే మహేశ్‌కు యాదికి లేదు. నోటికొచ్చింది రాసిండు, అది యాడికెల్లి వచ్చిందో చూసుకోలే. ఇన్నొద్దులు ఎవన్ని చూసి కుళ్ళుకున్నడో గిప్పుడు ఎర్కయింది. వాన్ని మళ్ళ బతికియ్యొచ్చు, చేత కాని పనేం గాదు. కాని అంతకుముందు గింజలతోని అబద్ధమాడిచ్చిన సంగతి ఆమెకు చెప్పాలె. చెప్దామని ఆమె దిక్కు తిరిగిండు.

ఆ మొకం చూసి స్వర్ణకే పాపమనిపిచ్చింది. దగ్గరికి జరిగి, భుజం మీద చెయ్యేసింది.

"నువ్వెందుకు గంత రంది పెట్టుకుంటవ్? గింజలు గట్ల పడ్డయ్. నువ్వేం జేస్తవ్" అన్నది.