విప్పడం కూడా శిక్షణేనట

కాన్పుల ఆసుపత్రి డాబా మీద మేం సోలార్ ప్యానెళ్లు బిగించి వారం కాలేదు, విప్పెయ్యమన్నాడు మాకు పని నేర్పే శిక్షణ కేంద్రం డైరెక్టరు.

"విప్పడమేంటి సార్? కింద వార్డు వీటి మీదే నడుస్తోంది కదా!"

"సోమవారం కొత్త బ్యాచ్ వస్తోందమ్మా. వాళ్లేం బిగిస్తారు, నా తలకాయా?"

మా బ్యాచ్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పేద దేశాల యువతకు సౌరవిద్యుత్తు నేర్పుతామని ఈ కేంద్రానికి విదేశీ సంస్థ నిధులిస్తోంది. పొద్దున ఆ సంస్థవాళ్లు వచ్చి, హెల్మెట్లు పెట్టుకుని మాతో ఫొటోలు దిగారు. వాళ్ల కారు గేటు దాటిందో లేదో స్పానర్ల సంచి మా ముందు పడింది. ఫ్రేముల్లో బోల్టు రంధ్రాలు ముందే ఎందుకు అరిగిపోయి ఉన్నాయో అప్పుడు అర్థమైంది. ఇవే ప్యానెళ్లను ఇంకెన్ని డాబాల మీద బిగించి విప్పారో! బ్యాటరీలైతే అసలు ఇవ్వనే లేదు. ఎండ ఉన్నంతసేపే కరెంటు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అయినా పెద్దవాళ్లు చెప్పినట్టు వినడం అలవాటు. పళ్లు నూరుకుంటూనే ఒక బోల్టు వదులు చేశాను.

అంతలో మా పిన్ని రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఆ వార్డులో నర్సు.

"ఏమే, ఏంటా చప్పుడు? ఊళ్లో కరెంటు లేదు, లోపల ఒకమ్మాయి నొప్పులు పడుతోంది."

"విప్పెయ్యమంటున్నారు పిన్నీ."

"ఎవడబ్బ సొమ్మని?"

"మా కేంద్రం సొమ్మే సిస్టర్," అన్నాడు డైరెక్టరు. "ఆసుపత్రికి ఇచ్చేశామని ఎవరన్నారు?"

"పొద్దున ఆ దొరల ముందు మీరే అన్నారు. మా చేత చప్పట్లు కూడా కొట్టించారు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు కానియ్యమ్మా. వైర్లు ఊడదియ్."

స్పానర్ కింద పెట్టేశాను. "లోడ్ మీద ఊడదియ్యకూడదు సార్. నిప్పులు చిమ్ముతాయి."

"అయితే లోడ్ ఆపు!"

"లోడంటే ఆ అమ్మాయి పైనున్న లైటు, పుట్టబోయే బిడ్డను వెచ్చగా ఉంచే మిషను. మీరే దిగి ఆపండి. కొత్త బ్యాచ్‌కి పాఠం ఉందని ఆమెకు కూడా మీరే చెప్పండి."

నిజంగానే దిగాడు. మేమంతా వెనకే దిగాం. వార్డు గుమ్మం పక్కనున్న స్విచ్ మీద చెయ్యి వేశాడు. లోపలి నుంచి కేక వినిపించింది.

"ఆపండి సార్, నేనూ చూస్తా," అంది పిన్ని.

చెయ్యి తీసేశాడు. ఆ కోపమంతా నా మీద చూపించాడు. "నీకు సర్టిఫికెట్ రాదు. ఏ కంపెనీ నిన్ను గడప తొక్కనిస్తుందో చూస్తా. సోమవారం కూలీల్ని పెట్టి విప్పిస్తా!"

ఉద్యోగానికి ఆ కాగితమే నాకు ఆధారం. అయినా నోరు మాత్రం ఆగలేదు.

"ఉంచుకోండి సార్. అది కూడా వచ్చే బ్యాచ్‌కి పనికొస్తుంది."

డాబా మీదికెళ్లి, వదులు చేసిన బోల్టు బిగించాను. డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి పిన్ని చేతిలో పెట్టాను.

"రానియ్యవే కూలీల్ని!" అంటూ దాన్ని జేబులో వేసుకుని, ఆమె లోపలికి పరిగెత్తింది.