బొట్టు పెట్టిన గొట్టం

నేనొక రివాల్వర్ని. పేరు వినగానే జడుసుకోకండి. ఇన్నేళ్ళ బతుకులో నేనెవరి ప్రాణమూ తీయలేదు. ఒక్కసారి మాత్రం తీసినంత పని చేశాను, అదీ నన్ను కొనడానికి వచ్చినావిడది.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టాను. ఉక్కు కాల్చి, గొట్టం తొలిచి, ఆరు తూటాలు పట్టే సిలిండర్ బిగించి, నిగనిగలాడేలా చేసి పంపారు. ఆ మెరుపు చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది నాకు. తీరా ఆదోనిలో పత్తి మిల్లు నడిపే చెన్నబసప్ప చేతిలో పడ్డాను. ఆయన నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. దొంగలు భయపడాలంటే ముందు నేను వాళ్ళకు కనబడాలి కదా! ఆ సంగతి ఆయనకెవరు చెబుతారు?

ఏడాదికోసారి దసరాకు మాత్రం గాలి తగిలేది. ఆయుధపూజ నాడు మిల్లు యంత్రాలతో పాటు నాకూ పసుపు కుంకుమలు పెట్టేవారు. ఆ బొట్టు మళ్ళీ దసరా దాకా చెరపకూడదని, చెరిపితే మిల్లుకు అచ్చిరాదని చెన్నబసప్ప పట్టింపు. పోయిన దసరాకు ఆయన భార్య శివగంగమ్మ మరీ భక్తిగా తడి పసుపు ముద్ద నా మూతికి అద్దింది. అది లోపలికి జారింది. పైన కుంకుమ పెట్టి హారతిచ్చారు. బీరువాలో ఆ ముద్ద ఎండి బిగుసుకుపోయింది. నా గొట్టం మూసుకుపోయిందని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ ఏడు చూపు సరిగా ఆనక చెన్నబసప్ప నన్ను అమ్మకానికి పెట్టాడు. కర్నూలులో జిలానీ సాహెబ్ తుపాకుల దుకాణంలో బేరం. కొనేది సుంకులమ్మ, బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఆవిడది. ఈ మధ్యే ఎవరో దారికాచి ఆవిడ జీపును ఆపి డ్రైవరు తల పగలగొట్టారు. లైసెన్సు చేతికి రాగానే వచ్చేసింది.

పాత రివాల్వర్ను పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు కాదు, సంతలో ఎద్దును చూసినట్టు చూడాలన్నాడు జిలానీ. ముందు సిలిండర్ని అటూ ఇటూ కదిపి వదులుందేమో చూశాడు. వెనకనుండే సుత్తిని పైకి లాగి నిలబెట్టి, బొటనవేలితో నెట్టి, దానంతటది పడుతుందేమో చూశాడు. సిలిండర్లో తూటా ఉండే ఒక్కో గది తిరిగి వచ్చి గొట్టానికి ఎదురుగా ఆగి బిగుస్తోందా, లేక పక్కకు ఒరుగుతోందా అని చూశాడు. పక్కకు ఒరిగితే తూటా అంచుకు కొట్టుకుని ముక్కలు చిమ్ముతుందట. అన్నిటిలో నెగ్గాను. చివరికి మూతి తుడవడానికి గుడ్డ తీశాడు.

"సాహెబూ, బొట్టు మాత్రం తుడవొద్దప్పా. అమ్మినా సరే, దసరా దాకా ఉండాల" అన్నాడు చెన్నబసప్ప.

జిలానీ గుడ్డ కింద పెట్టేశాడు. ఇంకొకరి దేవుడి బొట్టు, మనకెందుకులే అనుకున్నట్టున్నాడు. ఆ మర్యాదే కొంప ముంచేలా ఉంది.

ఒకటి కాల్చి చూశాకే తీసుకుంటానంది సుంకులమ్మ. దుకాణం వెనక, కాల్చి చూడటానికే కట్టిన ఇసుక గుంత దగ్గరికి నడిచారు. జిలానీ ఒక తూటా నింపి నన్నామె చేతికిచ్చాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తూటాకు దారి లేదు. గొట్టం పగిలి ఆ ఇనప ముక్కలు ఆవిడ చేతిలో, కళ్ళల్లో దిగుతాయి. అరుద్దామంటే నోటి నిండా పసుపు. లోపం బయటపడితే నా గతి కొలిమే అని తెలుసు. అయినా సరే, ఎవరైనా చూస్తే బాగుండునని ఎంత తపించానో!

ఆవిడ నన్ను ఎత్తింది. వేలు ట్రిగ్గర్ మీద పడింది. కొంచెం బిగిసింది కూడా.

అంతలో ఆగింది. పాలిష్ మిషన్‌కు నీళ్ళ పైపు మూసుకుపోతే రాయి పగిలిపోతుంది. అందుకే స్విచ్చి వేసే ముందు నీళ్ళొస్తున్నాయో లేదో చేయి పెట్టి చూడటం ఆవిడకు అలవాటు.

"గొట్టం లోపల చూసినావా సాహెబూ?"

జిలానీ చెన్నబసప్ప వైపు చూపించాడు. "బొట్టు తుడవొద్దన్యాడు గదక్కా."

ఆవిడ నన్ను కిందికి దించి చెన్నబసప్ప వైపు తిరిగింది. "గడపకు పూసిన పసుపు శుక్రారం శుక్రారం కడిగి మళ్ళీ పూస్తాం గదన్నా. కడగకుండా ఎవురైనా పూస్తారా?"

ఆయన తల వంచుకున్నాడు. జిలానీ తూటా తీసేసి, సిలిండర్ పక్కకు తెరిచి, మూతి దగ్గర తెల్ల కాగితం పట్టి వెనక నుంచి చూశాడు. చీకటి. సన్నటి కడ్డీ పెట్టి పొడిచాడు. పసుపు గడ్డ టప్పున ఇసుకలో పడింది. అది ఉన్నచోట తడికి ఉక్కును తుప్పు గుంటలు గుంటలుగా తినేసి ఉంది. ఇది ఇక కాల్చడానికి పనికిరాదన్నాడు.

చెన్నబసప్ప ఆ గడ్డను అరచేతిలో పెట్టుకుని కూలబడ్డాడు. "మా ఆడమనిషికి చెప్పొద్దండి. తట్టుకోలేదు" అన్నాడు.

సుంకులమ్మ నన్ను శుభ్రంగా తుడిపించింది. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే కుంకుమ పొట్లం అడిగి తీసుకుని, నా పిడి మీద బొట్టు పెట్టి, ఆయన చేతిలో పెట్టింది.

కాల్చడానికి పనికిరాని నన్ను ఆయన పోలీసులకు అప్పగించేశాడు. ఇప్పుడు వాళ్ళ గోదాములో పాత ఇనుము మధ్య కొలిమి కోసం చూస్తున్నాను. పిడి మీద ఆ బొట్టు ఇంకా ఉంది. గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు వెలుతురు వస్తోంది. ఈపాటికి బేతంచెర్లలో ఆవిడ పైపు కింద చేయి పెట్టి నీళ్ళు చూసుకుంటూ ఉంటుంది. అయిదు వేళ్ళతోనే.