కింది నుంచి వచ్చే గొంతు

మూడంగుళాల మేకులు కిలో కావాలన్నాడు వడ్రంగి మేస్త్రీ. "మూడంగుళాల మేకులు, కిలో," అని తిరిగి చెప్పి ఆకాశం డబ్బాలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తీసి త్రాసు పళ్ళెంలో వేశాడు, మళ్ళీ గుప్పెడు తీశాడు. మేస్త్రీ "వాటితోపాటు..." అని మొదలుపెట్టి, దారిన పోయేవాళ్ళెవరో పలకరిస్తే అటు తిరిగాడు. ఆకాశం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గుప్పిట్లో మేకులు, చూపు త్రాసు మీద, ఉలుకూ లేదు, పలుకూ లేదు. మేస్త్రీ ఇటు తిరిగి "రెండు జతల తలుపు బందులు కూడా" అనేదాకా ఆ చెయ్యి దిగలేదు.

నిలబడి నిద్రపోవడం గుర్రాలకే చేతనవుతుందనుకున్నానని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అతని బావమరిది అన్నాడు. ఇనుప సామాన్ల కొట్టు అతనిదే. నోరు దురుసు గానీ మనిషి చెడ్డవాడు కాదు. బావ తిరిగొచ్చిన వారానికే పిలిచి పని ఇచ్చాడు, ఎత్తిపొడుపులు మాత్రం జీతంలో కలపకుండా విడిగా ఇస్తుంటాడు.

ఆకాశం అన్నది అతని పేరు కాదు. పరాయి దేశంలో ఏళ్ళ తరబడి పెద్ద క్రేను నడిపి వచ్చాడని కొట్టులో పెట్టిన పేరు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఎండకు కమిలిన మెడ, మీట పట్టీ పట్టీ కాయ కాసిన కుడి అరచెయ్యి, పైగుండీ దాకా పెట్టుకున్న చొక్కా. దేశం తిరిగొచ్చాడు కదా, కళ్ళు నెత్తికెక్కాయన్నారు మొదట. తర్వాత కాళ్ళు నేలకు ఆనడం లేదన్నారు. ఆ రెండో మాట, అన్నవాళ్ళకు తెలియకపోయినా, నిజానికి కాస్త దగ్గరగానే ఉంది.

క్రేను పనికి ఒక పద్ధతుంది. పైన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి కొక్కెం కింద ఏముందో సరిగ్గా కనబడదు. కింద నిలబడ్డవాడే అతనికి కళ్ళు. చేతిలో వాకీటాకీ పెట్టుకుని "దించు, దించు, దించు" అంటూనే ఉండాలి. పైవాడు ప్రతి మాటా తిరిగి చెప్పి దించుతూ ఉండాలి. మాట ఆగిందా, ఎందుకని అడక్కుండా చెయ్యి ఆపెయ్యాలి. బరువు కొక్కేనికి వేలాడుతుండగా క్యాబిన్ దిగకూడదు. ఈ పద్ధతి ఒంటికి పట్టేస్తే ఇక వదలదు. ఇంట్లో భార్య తలుపు వెయ్యమంటే "తలుపు వేస్తున్నా" అని చెప్పి మరీ వేసేవాడు.

అక్కడ కింద నిలబడే మనిషి మన భాషవాడే. జుట్టు ముందే నెరిసిందని అందరూ తాత అనేవారు. మొహాలు చూసుకున్నది తక్కువ, గొంతులే ఎక్కువ తెలుసు. "దించు, దించు" మధ్యలో తాత తన మోకాళ్ళ నొప్పి గురించీ, కూతురి చదువు గురించీ చెప్పేవాడు. ఒకనాటి మిట్టమధ్యాహ్నం, ఇనుప ఊచల కట్ట సగం దూరం దిగాక, ఆ గొంతు ఆగింది. ఇతను చెయ్యి ఆపాడు. పిలిచాడు, జవాబు లేదు. కింద జనం ఒకచోట మూగడం, ఒక మనిషిని నలుగురు ఎత్తుకుపోవడం కనబడింది. కట్ట వేలాడుతోంది కనక దిగడానికి లేదు. వాకీటాకీ కింద ఎక్కడో పడి ఉంది, దాన్ని తియ్యాలన్న ధ్యాస ఎవరికీ లేదు. చాలాసేపటికి ఎవరిదో కొత్త గొంతు "దించు" అంది. దించాడు. ఎండకు తాత గుండె ఆగిందని సాయంత్రం చెప్పారు. నువ్వు చెయ్యాల్సింది సరిగ్గా చేశావని మేనేజరు భుజం కూడా తట్టాడు.

సరిగ్గా చేసినవాడికి నిద్ర ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. ఆ దేశపు కార్మికుల ఆసుపత్రిలో ఒక నర్సమ్మ మాత్రం వారం వారం కూర్చోబెట్టి మాట్లాడించింది, డాక్టరు చేత మాత్రలు రాయించింది. ఇంటికి పోతే నయమవుతుంది గానీ, పోగానే అక్కడి డాక్టర్ని వెతుక్కో, మాత్రలు తటాలున మానకు అని మరీ మరీ చెప్పింది. ఇక్కడికి వచ్చాక అతను వెతక్కపోలేదు. వీధి చివరి డాక్టరు పొట్ట నొక్కి గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన రక్తం తక్కువని టానిక్ రాశాడు. పెదనాన్న అయితే, తిన్నది అరక్క వచ్చే రోగమని తేల్చేశాడు. తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి. ఇప్పుడు పగలు చేతులు ఆగిపోతున్నాయి, పడుకుంటే ఊచల కట్ట కళ్ళ మీదే వేలాడుతోంది. ఇలా ఇంకెంతో కాలం నిలబడలేనని అతనికి తెలిసిపోయింది.

పెద్దాసుపత్రికి వారంలో ఒక్కరోజు మనసు డాక్టరు వస్తాడని విన్నాడు. ఆ రోజు ఇవాళే.

కళ్ళు మసకగా ఉన్నాయి, పెద్దాసుపత్రికి వెళ్ళొస్తానని బావమరిదికి చెప్పాడు. మనసు డాక్టరు గది ముందు కూర్చున్నవాడి తూకం రేపు ఎవడు నమ్ముతాడు?

చీటీలిచ్చే కిటికీ దగ్గర వరస మెలికలు తిరిగి మెట్ల దాకా ఉంది. నిలబడ్డంతసేపూ చెప్పాల్సిన మాటను నోట్లో నానబెట్టుకున్నాడు. తీరా కిటికీ దగ్గరికి చేరేసరికి, వెనక ఎవరో దగ్గారు. చూస్తే పొద్దున మేకులు కొన్న మేస్త్రీ, చీరుకుపోయిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుని. "నువ్వూ వచ్చావా ఆకాశం? ఏంటి కథ?" అన్నాడు. కిటికీలోని ఆవిడ తలెత్తకుండా ఏ డాక్టరని అడిగింది.

"కళ్ళు," అన్నాడు ఆకాశం.

కళ్ళ డాక్టరు గోడమీది అక్షరాలు చదివించింది. అట్టడుగు వరస కూడా తడుముకోకుండా చదివాడు. చూపు భేషుగ్గా ఉంది, దుమ్ముకు కాస్త పొడిబారాయంతే అని చుక్కల మందు సీసా ఇచ్చింది. సీసా జేబులో వేసుకుని బయటికొచ్చి, తనను తాను తిట్టుకున్నాడు. చచ్చినా సరే ఈసారి అడగాల్సిందేనని మేస్త్రీ కనుచూపు మేరలో లేకుండా చూసుకుని, నడవ చివర స్టూలు మీద కూర్చున్న అటెండరు దగ్గరికి వెళ్ళాడు. గొంతు తగ్గించి అడిగాడు. ఆయన మాత్రం తగ్గించలేదు.

"మనసు డాక్టరా? సెలవు పెట్టారు. వచ్చేవారం రండి."

"వచ్చేవారం రండి," అని తిరిగి చెప్పాడు ఆకాశం.

ఇంకేమైనా అంటాడేమోనని నిలబడ్డాడు. అటెండరు చెవిలో పుల్ల తిప్పుకుంటూ అటు తిరిగాడు. మాట ఆగిపోయింది. వారమంటే అందరికీ వారమే. అతనికి మాత్రం ఈ సాయంత్రం ఎలా దాటుతుందో కూడా తెలియడం లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. నడవ నిండా జనం. ఏడవడానికి చోటు లేక మెట్లెక్కాడు.

పై అంతస్తు కడుతూ కడుతూ ఆపేశారు. స్తంభాల్లోంచి ఊచలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. తలుపు లేని గుమ్మం దాటి అంచు దాకా వెళ్ళాడు. మోకాలెత్తు గోడ, అవతల గాలి. గాలి మొహానికి కొట్టగానే, ఇన్ని నెలల్లో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. కింద మనుషులు, బళ్ళు, చెట్ల తలలు, అన్నీ తను ఎరిగిన కొలతలో కనబడ్డాయి. ఇక దిగాల్సిన పని లేదనిపించింది. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, దానికే అతనికి భయం వేసింది. భయం వేసినా కాళ్ళు వెనక్కి రాలేదు. జేబులో గుచ్చుకుంటున్న సీసా తీసి గోడ మీద పెట్టాడు.

ఫోను మోగింది. మోగినప్పుడు తీయాలి కాబట్టి తీశాడు.

అతని భార్య మాటల పుట్ట. మా అక్క రేడియో, కట్టేద్దామంటే మీట దొరకదని తమ్ముడే అంటాడు. ఏళ్ళ తరబడి ఫోనులో ఆమె మాట్లాడింది, అతను విన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ మాత్రం అతని మౌనం చూసి, తానంటే విసుగు పుట్టిందేమోనని లోలోపల కుమిలిపోతూ, దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా ఎక్కువ మాట్లాడుతోంది. ఇప్పుడు కూడా ఫోను ఎత్తీ ఎత్తగానే మొదలెట్టింది. పెద్దాసుపత్రిలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారట, తమ్ముడు చెప్పాడు, తనకు ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా, మొన్న దూరాన పోయే బస్సు బోర్డు చదివిన మనిషికి ఇవాళ కళ్ళకేమొచ్చింది...

చటుక్కున ఆగింది. ఫోనులో గాలి హోరు వినబడుతోంది. ఆ హోరు ఆమెకు కొత్త కాదు. క్యాబిన్‌లో కూర్చుని మాట్లాడిన రోజుల్లో అతని గొంతు వెనక ఎప్పుడూ ఉండేది అదే.

"ఎక్కడున్నారు?"

"పైన."

ఆమెకు నోట మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా ఎప్పుడూ జరగలేదు. అప్పుడెప్పుడో తన వాగుడు మీద తానే నవ్వుకుంటూ, విసుగు పుట్టదా మీకు అని అడిగితే అతను చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పుట్టదు, నువ్వు ఆపకు, కింద మాట ఆగితే పైన చెయ్యి ఆగిపోతుంది.

"దిగండి," అంది. "వెనక్కి తిరగండి. తిరిగి దిగండి."

ఆమె ఆపలేదు. దిగండి, దిగండి, దిగండి అంటూ, తలుపుకు తాళం కూడా వెయ్యకుండా చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది. చివరికి గాలి హోరులోంచి సన్నగా వచ్చింది.

"తిరిగాను. దిగుతున్నా."

"దిగండి. ఒక మెట్టు. ఇంకో మెట్టు. దిగండి."

"దిగుతున్నా."

ఆటో ఎక్కి కూర్చుని కూడా అదే మాట. ఆటోవాడు అద్దంలో చూసి, అమ్మా, ఇక్కడ దిగాలా అని బండి ఆపబోయాడు. వద్దని చెయ్యి ఊపిందే తప్ప నోరు వాడికివ్వలేదు. ఇంకో సమయంలో అయితే ఈ సంగతి చెప్పుకుని ఏడాది నవ్వేది. ఇప్పుడు కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోకుండా దిగండి, దిగండి అంటూనే ఉంది. ఎక్కడైనా ఊపిరి తీసుకోవడానికి ఆగితే అటు అడుగుల చప్పుడు ఆగేది. అందుకని ఊపిరి మీద కూడా మాట్లాడింది.

ఆసుపత్రి మెట్ల అడుగున ఆమె అందుకునేసరికి అతను కింది మెట్టు మీద, గోడకు చెయ్యి ఆనించి, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. అప్పటికిగాని ఫోను దించలేదు.

"తాత పోయాడు," అన్నాడు. "నేను దిగలేకపోయాను."

ఎవరా తాత అని ఆమె అడగలేదు. మనసు డాక్టరు కోసం వస్తే వచ్చేవారం రమ్మన్నారని కూడా చెప్పాడు. ఆమె అతణ్ణి చెయ్యి వదలకుండా నడిపించుకుని చీటీల కిటికీ దగ్గరికి వెళ్ళింది. వరసలో వాళ్ళు గొణిగారు. బొటనవేలికి కొత్త కట్టుతో బెంచీ మీద కూర్చున్న మేస్త్రీ తలెత్తి చూశాడు. ఆమెకు గొంతు బొంగురుపోయి మాట పెగలడం లేదు. అయినా నడవంతా వినబడేట్టే అంది.

"మా ఆయనకి మనసు బాగోలేదు. ఇవాళే డాక్టరు చూడాలి. వచ్చేవారం కాదు."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ లేచి, తన చోటు చూపించి, కూర్చో ఆకాశం అన్నాడు. "కూర్చుంటున్నా," అని కూర్చున్నాడు. లోపల్నుంచి డ్యూటీ డాక్టరు వచ్చింది. పక్కన బల్ల మీద కూర్చుని, తొందరేం లేదన్నట్టు చాలాసేపు వింది. ఇక్కడ పెట్టుకునే వీలు లేదు, ఇంకో ఊళ్ళో ఇలాంటివాళ్ళ కోసమే ఉన్న ఆసుపత్రి ఉంది, ఈ సాయంత్రమే పంపిస్తానంది. తగ్గుతుందా అని ఆమె అడిగితే, తగ్గినవాళ్ళను చూశాను గానీ ఇన్ని రోజులని మాట ఇవ్వలేనంది.

పొద్దు వాలేవేళకి వ్యాను వచ్చింది. బావమరిది బట్టల సంచీ పట్టుకుని పరుగున వచ్చాడు. ఎత్తిపొడుపు ఒక్కటీ నోటికి రాక, "కొట్టు ఎక్కడికీ పోదు బావా," అని మాత్రం అన్నాడు. ఆకాశం వ్యాను ఎక్కుతూ తల కిందికి వంచుకున్నాడు. పక్కన భార్య కూర్చుంది. గొంతు పూర్తిగా పోయింది ఆమెకు. పెదవులు మాత్రం ఆడుతున్నాయి, అతను చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు. వ్యాను గేటు దాటి వెళ్ళిపోయింది.

పైన, సగంలో వదిలేసిన అంతస్తులో, మోకాలెత్తు గోడ మీద చుక్కల మందు సీసా ఉంది. దాని మూత ఎవరూ తియ్యలేదు.